కందక యుద్ధంలో పదాతి సైనికుడి మూట: ఒక బరువు లెక్క



పాఠశాల చరిత్ర పుస్తకాలలో మొదటి ప్రపంచ యుద్ధం (1914–1918) గురించి ఒక అధ్యాయం ఉంటుంది. యుద్ధానికి కారణాలేమిటి, ఫలితాలేమిటి, సంధి షరతులేమిటి అని అడిగితే మన పిల్లలు గడగడా అప్పజెబుతారు. పరీక్షకు అవి చాలు. అయితే ఆ యుద్ధంలో కందకం గట్టు ఎక్కి శత్రువు వైపు నడిచిన మామూలు సైనికుడి ఒంటిమీద ఏయే వస్తువులు ఉండేవి, వాటి బరువెంత, అంత బరువు ఎందుకు మోయించారు అనే ప్రశ్న సాధారణంగా ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. ఈ పాఠంలో ఆ విషయం తెలుసుకుందాం.

నేను చరిత్ర పండితుడిని కాను. కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా అంకెలు కూడుతూ ఉద్యోగం ముగించినవాడిని. ఏ పట్టిక చూసినా కింద మొత్తం ఎంత వేశారు అని వెతకడం నాకు అలవాటు. సైనికుడి మూటను కూడా అలాగే చూశాను. విడివిడిగా చూస్తే అందులోని ప్రతి వస్తువుకూ సరైన కారణం ఉంది. మొత్తం చూస్తే మాత్రం మనిషి మోయగలిగిన దానికన్నా ఎక్కువ ఉంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం ఎలాగన్నదే మన పాఠం.

కందకాలు ఎందుకు వచ్చాయి?

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు క్రిస్మస్ నాటికి అంతా ముగిసిపోతుందని చాలామంది అనుకున్నారు. జర్మన్ సేనలు బెల్జియం మీదుగా ఫ్రాన్సులోకి చొచ్చుకువచ్చాయి. సెప్టెంబరులో పారిస్‌కు తూర్పున మార్న్ నది ప్రాంతంలో ఫ్రెంచి, బ్రిటిష్ సేనలు వాటిని అడ్డుకున్నాయి. వెనక్కి తగ్గిన జర్మన్లు ఎన్ నది దగ్గర ఎత్తయిన చోట గుంటలు తవ్వుకొని నిలబడ్డారు. ఎదుటిపక్షం వారూ అదే పని చేశారు. ఒకరినొకరు పక్కనుంచి చుట్టుముట్టాలని ప్రయత్నిస్తూ, ఎక్కడికక్కడ గుంటలు తవ్వుకుంటూ పోగా, చివరకు ఉత్తర సముద్రం ఒడ్డు నుంచి స్విట్జర్లాండు సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల పొడవున కందకాల వరుసలు ఏర్పడ్డాయి.

మనుషులు నేలలోకి దిగడానికి కారణం ఆయుధాలే. అప్పటి మరతుపాకి నిమిషానికి 400కు పైగా తూటాలు కాల్చగలదు. ఫిరంగి గుండ్లు గాలిలోనే పేలి సీసపు గుళ్ళను వాన కురిసినట్టు కురిపించేవి. బయట నిలబడితే బతకడం కష్టం. రెండు పక్షాల కందకాల మధ్య ఉన్న ఖాళీ స్థలాన్ని ‘ఎవరిదీ కాని నేల’ అనేవారు. కొన్నిచోట్ల అది యాభై గజాలు, కొన్నిచోట్ల కొన్ని వందల గజాలు. దానికి అటూ ఇటూ దట్టమైన ముళ్ళతీగ. దాడి అంటే ఆ నేలను దాటడం. పదాతి సైనికుడు తనకు కావలసినదంతా తన ఒంటిమీద పెట్టుకొని దాన్ని దాటాలి.

ఇక్కడ నేను బ్రిటిష్ పదాతి సైనికుడిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అతని సామగ్రి గురించి వివరంగా రాసి ఉంచారు. పైగా మన దేశం నుంచి వెళ్ళిన సిపాయిలు కూడా ఆ సైన్యంతో కలిసే పోరాడారు.

మొదటినుంచీ ఉన్న సరంజామా

బ్రిటిష్ సైన్యం దక్షిణాఫ్రికాలో చేసిన బోయర్ యుద్ధంలో (1899–1902) తోలు పట్టీలు వాడింది. తడిసి ఆరినప్పుడు తోలు బిగుసుకుపోయేది, పగిలేది. తిత్తుల్లోంచి తూటాలు జారిపోయేవి. ఆ అనుభవంతో 1908లో నూలు నవారుతో కొత్త సరంజామా తయారుచేశారు. మన ఇళ్ళలో మంచాలకు అల్లే నవారు లాంటిదే, ఇంకా గట్టిగా, మందంగా నేసినది. నడుము పట్టీ, భుజాల పట్టీలు, తూటాల తిత్తులు, సంచులు అన్నీ ఒకదానికొకటి తగిలించి ఉండేవి. నడుము దగ్గర బిగింపు విప్పితే మొత్తం సరంజామాను చొక్కా విప్పినట్టు ఒకేసారి విప్పెయ్యవచ్చు. యుద్ధంలో సైనికుల సంఖ్య ఒక్కసారిగా పెరిగి ఈ నవారు సరిపోకపోయేసరికి, 1914లో మళ్ళీ తోలుతో చేసిన సరంజామాను కూడా ఇచ్చారు.

ఈ సరంజామాలో ముఖ్యమైనవి ఇవి:

తుపాకి, బాయొనెట్టు: లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బరువు సుమారు 4 కిలోలు. ఒకసారి నింపితే పది తూటాలు పడతాయి. దాని కొసన తగిలించే బాయొనెట్టు కత్తి పొడవు 17 అంగుళాలు.

తూటాలు: ఛాతీకి రెండు వైపులా అయిదేసి చొప్పున పది తిత్తులు. ఒక్కో తిత్తిలో 15 తూటాలు. మొత్తం 150.

నీళ్ళ సీసా: రెండు పింట్లు, అంటే లీటరు పైచిలుకు నీరు పట్టే ఇనుప సీసా. పైన ఎనామిల్ పూత, దానిపైన ఉన్ని గుడ్డ.

తవ్వుడు పనిముట్టు: ఇనుప భాగం ఒక సంచిలో, కొయ్య పిడి విడిగా నడుము పక్కన. ప్రమాదం వస్తే పడుకొని కాస్త మట్టి తవ్వి తల దాచుకోవడానికి.

అత్యవసర ఆహారం: డబ్బాలో ఒక పౌను మాంసం (సుమారు 450 గ్రాములు), 12 ఔన్సుల గట్టి బిస్కెట్లు (సుమారు 340 గ్రాములు), కొంచెం టీ పొడి, చక్కెర. అధికారి అనుమతి లేకుండా దీన్ని ముట్టకూడదు. ఆకలి వేసినంత మాత్రాన తినడానికి కాదు, ఆహారం అందే దారి పూర్తిగా తెగిపోయినప్పుడు మాత్రమే తినడానికి.

గాయం కట్టు: కోటు లోపలి జేబులో శుభ్రమైన దూది, గుడ్డ పట్టీలు. గాయపడినవాడికి ముందుగా అతని కట్టే వాడాలని నియమం.

ఇవి కాక వీపు మీద పెద్ద సంచి. అందులో పెద్ద కోటు, మేజోళ్ళు, గడ్డం గీసుకునే సామాను, భోజనపు గిన్నె లాంటివి. దాడికి వెళ్ళేటప్పుడు ఈ పెద్ద సంచిని వెనక వదిలి, నడుము పక్కన ఉండే చిన్న సంచిని వీపుకు తగిలించుకునేవారు. అంటే కొంత బరువు తగ్గించాలన్న ఆలోచన సైన్యానికి లేకపోలేదు.

యుద్ధం సాగేకొద్దీ చేరినవి

కందక యుద్ధం ఒక్కొక్క కొత్త ప్రమాదాన్ని తెచ్చింది. ఒక్కొక్క ప్రమాదానికీ ఒక్కొక్క కొత్త వస్తువు చేరింది.

మొదటిది చేతిబాంబు. వంకరటింకరగా సాగే కందకంలో మూల తిరిగితే ఏముందో కనబడదు. పొడవాటి తుపాకి అక్కడ తిప్పడమే కష్టం. మూల వెనక ఉన్నవాడిని కొట్టాలంటే బాంబు విసరాలి. 1914–15 చలికాలంలో బ్రిటిష్ సేన దగ్గర సరిపడా బాంబులు లేక, జాము డబ్బాలలో మందుగుండు, ఇనుప ముక్కలు కూరి వత్తి పెట్టి విసిరేవారు. 1915లో విలియం మిల్స్ పేరుతో మిల్స్ బాంబు వచ్చింది. ఒక్కోటి ముప్పాతిక కిలో పైచిలుకు.

రెండవది విషవాయువు ముసుగు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలారు. ఆ తరువాత కొద్ది నెలల్లోనే ప్రతి సైనికుడికీ రసాయనాలలో తడిపిన గుడ్డ ముసుగు ఇచ్చారు. కళ్ళ దగ్గర రెండు గాజు బిళ్ళలు ఉండేవి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలి కాబట్టి రెండేసి మోయవలసి వచ్చింది. 1916 ఆగస్టు నుంచి, ఛాతీ మీద పెట్టెతో, గొట్టంతో ఉండే మెరుగైన ముసుగు వచ్చింది.

మూడవది ఉక్కు టోపీ. యుద్ధం మొదలైనప్పుడు ఏ ప్రధాన సైన్యం దగ్గరా ఉక్కు టోపీ లేదు. బ్రిటిష్ సైనికులు గుడ్డ టోపీలతో వెళ్ళారు. కందకంలో ఒళ్ళంతా మట్టి చాటున ఉంటుంది కానీ, తల మీద ఫిరంగి గుళ్ళు పడుతూనే ఉంటాయి. 1915లో ఫ్రెంచివారు ఉక్కు టోపీ ఇవ్వడం మొదలుపెట్టారు. అదే ఏడాది జాన్ బ్రోడీ రూపొందించిన పళ్ళెం ఆకారపు టోపీని బ్రిటిష్ సైన్యం తీసుకుంది. బరువు సుమారు ఒక కిలో. జర్మన్ల ఉక్కు టోపీ 1916లో వచ్చింది.

నాలుగవది పాదాల రక్షణ. రోజుల తరబడి బురదనీటిలో నిలబడితే పాదాలు వాచి, స్పర్శ పోయి, చివరకు కుళ్ళేవి. దీన్ని ట్రెంచ్ ఫుట్ అనేవారు. అందుచేత అదనపు మేజోళ్ళు ఉంచుకోవాలని, రోజూ పాదాలకు తిమింగలం నూనె రాసుకోవాలని ఆదేశాలు వచ్చాయి.

ఇవి కాక తీగ కత్తెరలు, ఇసుక సంచులు, వెలుగు సంకేతాలు ఇచ్చే మందుగుండు, పలుగులు, పారలు కూడా చేరాయి. వీటిలో ఏది అనవసరం? ఒక్కటీ కాదు. ముసుగు లేకపోతే ఊపిరి పోతుంది. టోపీ లేకపోతే తల పోతుంది. పార లేకపోతే గెలిచిన చోట నిలబడలేరు. విద్యార్థులు ఈ విషయం గుర్తుంచుకొని ముందుకు చదవాలి.

మన వైపు నుంచి వెళ్ళినవి

ఎక్కడో ఫ్రాన్సులో జరిగిన యుద్ధంతో మనకేమి సంబంధం అనుకోవద్దు.

కందకాల గట్లు నిలబెట్టిన ఇసుక సంచులు జనపనారతో నేసినవి. ఆ గోనె ఎక్కువగా బెంగాల్‌లోని హుగ్లీ నది ఒడ్డున ఉన్న జనపనార మిల్లుల నుంచి వెళ్ళింది. ఆ కాలంలో ఆ మిల్లులలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వెళ్ళిన తెలుగువారు కూడా పనిచేసేవారు. అప్పటి గంజాం జిల్లాలో ఎక్కువ భాగం ఇప్పుడు ఒడిశాలో ఉంది. మన పాఠకులలో కొందరి ముత్తాతల కాలపు కథ ఇది.

రెండవది బెంగుళూరు పేరుతోనే ప్రపంచమంతా పిలిచే ‘బెంగుళూరు టార్పెడో’. 1912లో బెంగుళూరులోని మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళానికి చెందిన కెప్టెన్ మెక్లింటాక్ దీన్ని తయారుచేశారు. మందుగుండు నింపిన ఇనుప గొట్టాలను ఒకదానికొకటి తగిలించి, సైనికుడు చాటునే ఉండి, ముళ్ళతీగ కిందకు తోస్తూ పోవాలి. పేల్చితే తీగలు తెగి దారి ఏర్పడుతుంది. కందక యుద్ధంలో ఇది బాగా ఉపయోగపడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న నార్మండీ తీరంలో కూడా దీన్ని వాడారు. ఆ దళమే నేటి మద్రాసు ఇంజనీర్ గ్రూప్. దాని కేంద్రం ఇప్పటికీ బెంగుళూరులోనే ఉంది. దక్షిణాది రాష్ట్రాల యువకులతో పాటు తెలుగు యువకులు కూడా అందులో చేరుతుంటారు.

ఇక మనుషుల సంగతి. 1914 సెప్టెంబరు చివర మన దేశపు సిపాయిలు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగారు. లాహోరు, మీరట్ డివిజన్లు అక్టోబరుకల్లా కందకాలలోకి చేరాయి. చలిదేశపు బట్టలు పూర్తిగా అందకముందే చలికాలం వచ్చింది. అప్పటిదాకా వాడుతున్న పాత తుపాకులు తీసుకొని కొత్తవి ఇచ్చారు. అలవాటులేని తుపాకితో, అలవాటులేని చలిలో వారు పోరాడారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో వారి పాత్ర పెద్దది. ఫ్రాన్సు, బెల్జియం నేలలో మరణించి, సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో 1927లో అదే ఊరిలో స్మారకం వెలసింది.

1916 జూలై 1: మొత్తం ఎంత?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఫ్రాన్సులోని సోమ్ నది ప్రాంతంలో 1916 జూలై 1న ఉదయం 7.30 గంటలకు బ్రిటిష్ సేన పెద్ద దాడి ప్రారంభించింది. ఆ రోజు పదాతి సైనికుడు మోసిన సామాను బ్రిటిష్ ప్రభుత్వపు అధికారిక యుద్ధ చరిత్రలో ఉంది. తుపాకి, బాయొనెట్టు, సరంజామా, 220 తూటాలు, రెండు మిల్స్ బాంబులు, ఖాళీ ఇసుక సంచులు, ఉక్కు టోపీ, రెండు వాయువు ముసుగులు, కంటి అద్దాలు, గాయం కట్టు, తవ్వుడు పనిముట్టు, నిండు నీళ్ళ సీసా, ఆ రోజు భోజనం, అత్యవసర ఆహారం. చాలామందికి అదనంగా పలుగో పారో, తీగ కత్తెరో ఇచ్చారు. మొత్తం సుమారు 66 పౌన్లు. అంటే 30 కిలోలు.

30 కిలోలంటే ఎంతో పిల్లలకు తెలియాలంటే, వంటింట్లో నిండు గ్యాసు సిలిండరును చూపించండి. అందులో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు 15 కిలోల పైచిలుకు. రెండూ కలిపితే దాదాపు అంతే. దాన్ని ఒంటికి కట్టుకొని, మనిషెత్తు గోడకు వేసిన నిచ్చెన ఎక్కి, గుంటలు పడిన నేల మీద, ముళ్ళతీగల మధ్య, ఎదుటినుంచి తూటాలు వస్తుండగా నడవాలి. కందకంలోంచి పైకి రావడమే కష్టమైందని, మెల్లని నడక తప్ప వేగంగా కదలడం కుదరలేదని, చప్పున పడుకొని చప్పున లేవడం అసాధ్యమైందని ఆ చరిత్రకారులే రాశారు.

29వ డివిజన్ వారి వీపుల మీద ఇంకొక వస్తువు కూడా ఉంది. విమానంలో నుంచి చూసేవారికి తమవాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళారో తెలియడానికి మెరిసే రేకు త్రికోణాలు తగిలించారు. అదే డివిజన్‌లో న్యూఫౌండ్లాండ్ రెజిమెంటు ఉంది. బోమాంట్ హామెల్ అనే ఊరి దగ్గర ముందు వరుసకు వెళ్ళే దారులు శవాలతో, క్షతగాత్రులతో నిండిపోయి ఉండటంతో వారు వెనక కందకం నుంచే పైకెక్కి బయలుదేరారు. వెళ్ళినవారు సుమారు 800 మంది. మరునాడు హాజరు పిలిస్తే పలికినవారు 68 మంది.

ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సేనకు జరిగిన నష్టం 57,470 మంది. వారిలో 19,240 మంది చనిపోయారు.

ఇంత నష్టానికీ బరువే కారణమని చెబితే అది తప్పు లెక్క అవుతుంది. అదే రోజు దక్షిణ భాగంలో మోంటోబాన్ దగ్గర దాదాపు అంతే బరువుతో వెళ్ళిన సైనికులు తమ లక్ష్యాలను సాధించారు. అక్కడ ఫిరంగులు తమ పని సరిగా చేశాయి. ఉత్తరాన చాలాచోట్ల ముళ్ళతీగ తెగలేదు, లోతైన నేలమాళిగల్లో దాగిన జర్మన్ల మరతుపాకులు మిగిలే ఉన్నాయి. అక్కడ మనిషిని కాపాడగలిగింది వేగం ఒక్కటే. ఆ వేగాన్నే బరువు తీసేసింది.

అంత ఎందుకు మోయించారు?

దాడికి ముందు వారం రోజుల పాటు బ్రిటిష్ ఫిరంగులు సుమారు 15 లక్షల గుండ్లు కురిపించాయి. దానితో ఎదుటి కందకంలో ఎవరూ మిగలరని పై అధికారులు నమ్మారు. నడిచి వెళ్ళి ఆ కందకాన్ని స్వాధీనం చేసుకోవడమే పని అనుకున్నారు. కష్టమంతా ఆ తరువాత వస్తుంది. జర్మన్లు ఎదురుదాడి చేస్తారు. వెనకనుంచి తూటాలు, నీళ్ళు, ఆహారం వెంటనే రావు. కనుక కందకాన్ని నిలబెట్టుకోవడానికి కావలసినవన్నీ మొదటే తీసుకువెళ్ళాలి. ఇది వారి తర్కం. ఈ తర్కంలో దోషం లేదు. దానికి పునాది అయిన నమ్మకంలోనే దోషం ఉంది.

పట్టిక రాసినవారు దాడి తరువాత జరిగే పనికి సామాను లెక్కగట్టారు. ఆ పని దాకా సైనికుడు బతికి చేరగలడా అన్నది ముందే ఖాయమైనట్టు భావించారు. బ్యాంకులో అప్పు దరఖాస్తు వస్తే మేము మొదట చూసేది అదే. వ్యాపారం బాగా నడిస్తే వాయిదాలు కట్టగలడని కాగితం మీద తేలుతుంది. నడవకపోతే ఏమిటి అని కూడా అడగాలి. సోమ్ పట్టికను ఆ రెండో ప్రశ్న అడగకుండానే తయారుచేశారు.

ఇంకొక విషయం. ముసుగు గురించి ఆలోచించినవారు ముసుగు గురించే ఆలోచించారు. బాంబుల సంగతి చూసినవారు బాంబుల సంగతే చూశారు. ఆహారం చూసేవారు ఆహారమే చూశారు. ఎవరి లెక్క వారికి సరిపోయింది. ఆ లెక్కలన్నీ వచ్చి కలిసేది ఒకే మనిషి భుజాల మీద. కాగితం మీద మొత్తం వేయకపోయినా, ఆ మనిషి వెన్నెముక మొత్తం వేస్తుంది.

తీసివేత, పంపకం

సైన్యాలు ఈ అనుభవం నుంచి నేర్చుకున్నాయి. నేర్చుకున్న పద్ధతి విద్యార్థులకు చాలా ఉపయోగకరం.

మొదటిది తీసివేత. జర్మన్లు 1915 నుంచి దాడులకు ప్రత్యేక దళాలను తయారుచేశారు. కెప్టెన్ విల్లీ రోర్ వారికి శిక్షణ ఇచ్చినవారిలో ముఖ్యుడు. వారు బరువైన సంచులు వదిలి, భుజానికి బాంబుల సంచులు తగిలించుకొని, చిన్న గుంపులుగా వేగంగా కదిలేవారు. గెలిచిన చోటును నిలబెట్టే పని వెనక వచ్చే మామూలు దళాలది.

రెండవది పంపకం. 1917 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం ప్లాటూన్‌ను నాలుగు భాగాలు చేసింది. ఒక భాగం సుమారు 13 కిలోల లూయిస్ మరతుపాకిని, దాని తూటాలను మోస్తుంది. ఒకటి చేతిబాంబులు, ఒకటి తుపాకితో కాల్చే బాంబులు, ఒకటి మామూలు తుపాకులు. ప్రతివాడూ అన్నీ మోయడానికి బదులు, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క ప్రత్యేక పని వచ్చింది. కామర్సు విద్యార్థులు చదివే శ్రమ విభజన ఇదే.

మూడవది మనిషి బదులు యంత్రం. 1918 జూలై 4న ఫ్రాన్సులోని హామెల్ దగ్గర ఆస్ట్రేలియా సేనాని జాన్ మొనాష్ నడిపిన యుద్ధంలో, వెయ్యి మందికి పైగా మోయవలసిన సామానును నాలుగు సరఫరా ట్యాంకులు ముందుకు చేర్చాయి. విమానాలు పారాషూట్లతో తూటాల పెట్టెలు జారవిడిచాయి. మొనాష్ వృత్తిరీత్యా ఇంజనీరు. 90 నిమిషాలలో ముగించాలనుకున్న యుద్ధం 93 నిమిషాలలో ముగిసింది.

యుద్ధం తరువాత 1920లలో బ్రిటిష్ సైనిక వైద్యులు ఈ విషయాన్ని పరిశీలించి, సైనికుడు మోసే బరువు అతని శరీర బరువులో మూడోవంతు మించరాదన్నారు. 60 కిలోల మనిషికి అది 20 కిలోలు. సోమ్‌లో మోయించినది 30, అంటే శరీర బరువులో సగం. సలహా బాగానే ఉన్నా, తరువాతి యుద్ధాలలో కూడా బరువు మళ్ళీ మళ్ళీ పెరుగుతూనే వచ్చింది. ఒక వస్తువు చేర్చడానికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది. తీసివేయడానికి మాత్రం ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదోవంతు మించకూడదు. ఒకసారి ఇంట్లో తూచి చూడండి. తక్కెడకు అందని బరువులు కూడా ఉంటాయి. పొద్దున ట్యూషన్, సాయంత్రం కంప్యూటరు క్లాసు, ఆదివారం ప్రవేశ పరీక్షల శిక్షణ, మధ్యలో సంగీతం. మన వంటి ప్రవాసాంధ్ర కుటుంబాలలో వీటికి తోడు తెలుగు చదవడం, రాయడం కూడా. ప్రతిదానికీ మంచి కారణం ఉంది. నేను ఏదీ మానిపించమని చెప్పడం లేదు. అన్నీ ఒక కాగితం మీద రాసి, గంటల మొత్తం కింద వేసి, మోసేవాడిని కూడా పక్కన కూర్చోబెట్టుకొని చూడమంటున్నాను. ఏది ఇప్పుడే కావాలి, ఏది తరువాత వచ్చినా ఫరవాలేదు, దేనిలో మనం చేయి వేయవచ్చు అని ఆ కాగితమే చెబుతుంది.

విద్యార్థులకు అభ్యాసం

1. ఒక తూటా బరువు సుమారు 25 గ్రాములు అనుకుంటే 220 తూటాల బరువెంత? అది 30 కిలోలలో ఎన్నో వంతు?

2. మీ బరువులో మూడోవంతు, సగం ఎంతెంతో లెక్కగట్టండి. సగం బరువుతో మీ ఇంటి మెట్లు ఎక్కగలరా? చేసి చూడవద్దు, ఆలోచించి రాయండి.

3. పై పాఠంలో చెప్పిన వస్తువులను ‘కందకాన్ని చేరడానికి కావలసినవి’, ‘చేరిన తరువాత నిలబెట్టుకోవడానికి కావలసినవి’ అని రెండు వరుసలుగా విడదీయండి. ఏ వరుస పొడవుగా ఉంది?

4. మీరే ఆ దాడికి సామాను పట్టిక తయారుచేసే అధికారి అయితే, ఏ రెండు వస్తువులు వేరే వారిచేత వెనక పంపించేవారు? కారణం రెండు వాక్యాలలో రాయండి.

5. మీ ఊరిలో ఎవరి కుటుంబంలోనైనా సైన్యంలో పనిచేసినవారు ఉంటే, వారు ఏమేమి మోసేవారో, అందులో దేనిని అనవసరమనుకునేవారో అడిగి తెలుసుకోండి.